మేతలో పెచ్చులు

మొదటి దెబ్బ బాబాయి మీద పడింది. ఆ క్షణంలో ఆమె తొట్ల షెడ్డులో ఉంది. లవంగ నూనె కలిపిన బకెట్లో మత్తుగా తేలుతున్న చేపను తీసి కాటా మీద పెడుతోంది. నూట నలభై రెండు గ్రాములు. ఆ అంకె రాసుకునే లోపే గేటు దగ్గర ఇనుము విరిగిన చప్పుడైంది. వెంటనే ఒక మగమనిషి అరుపు. ముప్ఫై ఏళ్లుగా ఎవరి మీదా గొంతెత్తని మనిషి అరుపది. అందుకే ఎవరిదో ఆమె చప్పున పోల్చుకోలేకపోయింది.

మిల్లులో ఆమెను అందరూ మేతమ్మ అంటారు. చేపల మేతకు పాళ్లు కట్టడం ఆమె పని. చేప పొడి ఎంత, నూనె తీసిన చెక్క ఎంత, తవుడు ఎంత అని కాగితం మీద తేల్చి, గుళికలు పోయించేది. నీళ్లలో పడ్డ గుళిక ఎంతసేపు విడిపోకుండా నిలుస్తుందో చూసేది. తర్వాత తొట్లలో చేపలకు పెట్టి, రెండు వారాలకోసారి ఒక్కోదాన్నీ తూచి, ఏ మేతకు ఎంత ఒళ్లు చేసిందో లెక్క కట్టేది. మిల్లు ఆమె అక్క మొగుడిది. బావ మాటకారి. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాడికీ, "మా మరదలు మనుషులకి వండితే కుక్క కూడా మూతి తిప్పుకుంటుందండీ. చేపలు మాత్రం ఎగబడి తింటాయి" అని పరిచయం చేసేవాడు. వెయ్యిసార్లు విన్న మాటే అయినా ఆమె నవ్వేది.

ఈసారి ఆమె కట్టిన పాళ్లలో చేప పొడి సగానికి తగ్గింది. ఆ లోటును వేరుశనగ చెక్క పూడ్చింది. పన్నెండు తొట్లు, మూడు రకాల మేత, ఎనిమిది వారాల పరీక్ష. నాలుగో వారానికే కొత్త మేత తిన్న చేపలు పాత మేత తిన్నవాటితో సమానంగా తూగాయి. అది చూసి బావ ఆగలేకపోయాడు.

"ఇంకో నెల చూద్దాం బావా. నెలలో బయటపడని లోపం రెండో నెలలో బయటపడొచ్చు" అంది ఆమె.

"నీ చేపలకి గడియారం లేదమ్మా. నాకుంది" అని నవ్వుతూ కాగితం ముందుకు తోశాడు. అతని నవ్వు ముందు ఎవరి పట్టూ నిలిచేది కాదు. ఆమె సంతకం పెట్టింది. ఆ మేత చెరువులకు వెళ్లి పది రోజులైంది.

చేతిలో చేపను తొట్లో వదిలి బయటకు పరుగెత్తింది. గేటు ఒక రెక్క ట్రాక్టరు చక్రాల కింద పడుంది. ట్రాక్టరు వెనక ట్రక్కును ఎత్తిపెట్టారు. అందులోంచి చచ్చిన చేపలు తెల్లటి పొట్టలతో జారి జారి పడి, వాకిలంతా మోకాలెత్తున పేరుకున్నాయి. ముప్ఫై మందికి పైగానే ఉన్నారు, అందరూ చెరువులవాళ్లే. కొందరి చేతుల్లో గునపాలు, కొందరి చేతుల్లో పడవ తెడ్లు. వాళ్ల కాళ్ల మధ్య బాబాయి బోర్లా పడి ఉన్నాడు.

బాబాయి ఎవరికీ చుట్టం కాదు. బాయిలరూ గుళికల మిషనూ చూసుకునే మనిషి. బావ దగ్గర్నుంచి మూటలు మోసేవాళ్ల దాకా అందరికీ బాబాయే. అతని చెవి దగ్గర చర్మం చీలి నెత్తురు మెడ మీదుగా కారుతోంది. అతన్ని కొట్టిన తెడ్డు ఇంకా తూటా చేతిలోనే ఉంది. తూటా అంటే మూడు చెరువుల ఆసామి. తక్కువ మాట్లాడతాడు, మాట్లాడితే తగులుతుంది. అందుకే ఆ పేరు. నిరుడు ఆమె కట్టిన మేత వాడి, పదిమందికి చెప్పి వాడించింది అతనే. అంటే ఆ పదిమంది చేపలూ చచ్చింది అతని మాట నమ్మే.

"మిషను తిప్పింది వీడే కదా" అని మళ్లీ తెడ్డెత్తాడు. అది బాబాయి వీపు మీద దబ్బున పడింది. బాబాయి ఈసారి అరవలేదు. ఊపిరి మాత్రం ఈలలా బయటికొచ్చింది.

"ఆపండి! ఆయనేం చేశాడు!" అంటూ ఆమె అడ్డం వెళ్లబోయింది. ఎవరిదో భుజం తగిలి గోడకు కొట్టుకుంది. జనం ఆమెను దాటుకుని తొట్ల షెడ్డులోకి దూరారు. గునపం మొదటి తొట్టికి తగిలింది. నీళ్లు ఒక్క ఉదుటున బయటికి దూకాయి. రెండోది, మూడోది. ఆరు వారాలుగా తెల్లారగానే లేచి, గింజ గింజా తూచి పెట్టి పెంచిన చేపలు సిమెంటు నేల మీద ఎగిరెగిరి పడుతున్నాయి.

"తొక్కండి! మనవి పోయాక వీళ్లవెందుకు!" అని ఎవరో అరిచారు.

తొక్కారు. బూట్ల కింద, వట్టి మడమల కింద చేపలు పచ్చిగా చితికాయి. జారిపడ్డవాడు లేచి, పడ్డ కోపం కూడా కలిపి మరీ తొక్కాడు. పన్నెండు తొట్లూ పగిలేదాకా ఎవరూ ఆగలేదు.

అప్పుడు పై అంతస్తు ఆఫీసు కిటికీ తెరుచుకుంది. బావ తల బయటికి వచ్చింది. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. బావ మాటలతో ఎంతటివాణ్నైనా చల్లార్చగలడు.

"నన్నేం అడుగుతారు!" అని అరిచాడు బావ. "పాళ్లు కట్టింది ఆవిడ! కాగితం మీద సంతకం ఆవిడది! అడగండి ఆవిణ్నే!"

కిటికీ టప్పున మూసుకుంది.

ఆమె తల ఎత్తి ఆ మూసిన అద్దం వైపే చూస్తూ నిలబడింది. అందుకే తూటా దగ్గరికి రావడం గమనించలేదు. జుట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. చెంప మీద పడిన దెబ్బకు నోట్లో ఏదో కరకరలాడింది. ఉమ్మేస్తే నెత్తురుతో పాటు పన్ను ముక్క పడింది.

"ఏం కలిపావ్?"

"నేను..."

"ఏం కలిపావని!" చచ్చిన చేపనొకదాన్ని తీసి ఆమె మొహానికేసి రుద్దాడు. మొప్పల ముల్లు పెదవిని చీల్చింది. "తిను. మా చెరువులకి పెట్టింది నువ్వూ తిను."

నొప్పికి కళ్లు బైర్లు కమ్ముతున్నా, ఆమె చేతులు మాత్రం అలవాటు కొద్దీ ఆ చేపను పట్టుకున్నాయి. కాటా బల్ల మీది కత్తెర నీళ్లకు కొట్టుకొచ్చి షెడ్డు గుమ్మంలో పడి ఉంది. "ఒక్క నిమిషం" అంది. వదిలించుకుని కత్తెర తీసింది. ఇద్దరు మగవాళ్లు వెనక్కి తగ్గారు. ఆమె చేప కడుపును మలద్వారం నుంచి గొంతు దాకా కోసి తెరిచింది. పేగు పొడవునా నల్లగా నెత్తురు గడ్డకట్టి ఉంది. ఇంకోటి కోసింది. అదీ అంతే. మొప్పలు మాత్రం ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి.

అబద్ధమాడి ఉంటే అక్కడితో పోయేదేమో. నీళ్లలో ఊపిరాడక చచ్చాయని ఒక్క మాట అంటే సగం మంది నమ్మేవాళ్లు. ఆమెకు ఆ ఊహే రాలేదు.

"నీళ్ల తప్పు కాదు. కడుపులోకి పోయిన దానివల్లే చచ్చాయి" అంది. "మేతే."

"విన్నారా! తన నోటితోనే ఒప్పుకుంది!"

జనం ఒక్కసారిగా ఊగారు. ఎవరో ఆమె నడుము మీద తన్నారు. నలుగురు బాబాయిని రెక్కలు పట్టి లేపి మిషను గది వైపు ఈడ్చుకెళ్లారు. గుళికల మిషను నోట్లోకి పిండిని తోసే ఇనుప స్క్రూ ఒకటుంది, మనిషి తొడంత లావు. దాని మూత ఎత్తేసి, బాబాయి కుడిచెయ్యి పట్టుకుని దాని మీదికి వంచారు. "తిప్పిన చెయ్యి తిరగాలి" అన్నాడొకడు.

ఆమె పాక్కుంటూ, లేస్తూ గదిలోకి వచ్చిపడింది. "ఆయన నేను రాసిచ్చిందే కలిపాడు! నేను రాసిన దాంట్లో విషం లేదు! మధ్యలో ఏదో మారింది. అదేంటో చూపిస్తాను. అరగంట ఇవ్వండి!"

తూటా ఆమె మొహంలోకి చూశాడు. "పదిహేను నిమిషాలు. తర్వాత వీడి చెయ్యి. ఆ తర్వాత నీది."

మిషను గదికి ఆనుకునే ఆమె బల్ల. చెరువులకు వెళ్లిన ప్రతి విడత మేత నుంచీ ఒక సీసాడు గుళికలు అక్కడ దాచేది. తొందరలో ఒక సీసా జారి పగిలింది. రెండోది దొరికింది. గుళికలను వేడినీళ్లలో వేసి, మెత్తబడ్డాక సన్నటి జల్లెడలో పోసి, కుళాయి కింద కడిగింది. పిండంతా కొట్టుకుపోయాక జల్లెడలో పొట్టూ పెచ్చులూ మిగిలాయి. వాటిని తెల్లటి పళ్లెంలో పరిచి భూతద్దం పట్టింది.

తవుడు పొట్టు తెలిసింది. ఎండుచేప ముల్లు ముక్కలు తెలిశాయి. వేరుశనగ గుల్ల పీచు కోసం వెతికింది. ఎక్కడా లేదు. దాని బదులు గోధుమ రంగు మీద నల్ల చారలతో, గోరులా మెరిసే చిన్న చిన్న పెచ్చులు పళ్లెం నిండా ఉన్నాయి.

అప్పుడామెకు బాబాయి కళ్లు గుర్తొచ్చాయి. రెండు వారాల కిందట నాలుగు రోజులపాటు అతని కళ్లు కందిరీగలు కుట్టినట్టు వాచి, తుమ్మి తుమ్మి మనిషి సగమయ్యాడు. మూటలు దింపినవాళ్లకూ అలాగే అయింది. "కళ్లల్లో చుక్కల మందు వేసుకో బాబాయ్" అని చెప్పి ఆమె తొట్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఎందుకని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆ మేత గేటు దాటేది కాదు.

"ఏముంది?" అన్నాడు తూటా.

ఆమె జవాబు చెప్పేలోపే గుంపులోంచి ఒక ముసలామె ముందుకొచ్చి పళ్లెంలోకి వంగింది. ఒక పెచ్చును తడి వేలికి అంటించుకుని వెలుగులో తిప్పింది.

"ఇది ఆముదపు గింజది" అంది. "దీన్ని గుర్తుపట్టడానికి అద్దం దేనికే? వలిచీ వలిచీ నా చిన్నతనమంతా దీనికిందే పోయింది."

"అవునమ్మా" అంది ఆమె. "నేను రాసింది వేరుశనగ చెక్క. ఇందులో పడింది ఆముదపు చెక్క. నూనెలోకి విషం దిగదు, చెక్కలోనే ఉండిపోతుంది. పొలానికి ఎరువుగా వేస్తారు. నోటికి పెట్టరు."

"ఆ మూటలు కొన్నదెవరు?"

ఆమె నోరు తెరిచింది. అప్పటికే బావ మెట్లు దిగి రావడం ఎవరూ చూడలేదు. అతని చేతిలో ఇనప గొట్టం ఉంది. పళ్లేన్ని గురిచూసి కొట్టాడు. పళ్లెం ముక్కలైంది. దాని పక్కనున్న ఆమె ఎడమ మణికట్టు కూడా. ఎముక విరిగిన చప్పుడు ఆమెకే ముందు వినిపించింది. నొప్పి తర్వాత వచ్చింది. గోడవారగా కూలబడింది.

"ఇంటి తిండి తిని ఇల్లు కూలుస్తావే!" అని అరుస్తూ బావ మళ్లీ ఎత్తాడు. "ఆవిరికి ఉడికితే విషం విరిగిపోతుందన్నారు! చవకగా వచ్చింది, తెచ్చాను! చచ్చిపోతాయని నాకు తెలుసా? చెప్పు, నాకు తెలుసా?"

మూటలెవరు కొన్నారని అడిగినవాడికి జవాబు దొరికింది. తూటా ఆ గొట్టాన్ని గాల్లోనే పట్టుకుని లాగేశాడు. దానితోనే బావ మోకాలి మీద కొట్టాడు. బాబాయిని వదిలేసిన నాలుగు జతల చేతులూ బావను పట్టుకున్నాయి. చొక్కా చిరిగింది. ముక్కు చితికింది. ముసలామె కూడా చెప్పు తీసి రెండు వేసింది. అతన్ని స్క్రూ మీదికి వంచి కుడిచేతిని లోపలికి తోశారు. ఎవరో పచ్చ మీట నొక్కారు. మోటారు ముందు మూలిగి, తర్వాత హోరెత్తింది.

మెయిన్ స్విచ్చు గోడకుంది. సరిగ్గా ఆమె తల పక్కన. కుడిచెయ్యి బాగానే ఉంది. ఎత్తితే చాలు.

"మరదలా!" బావ కళ్లు ఆమెను వెతికి పట్టుకున్నాయి. "మెయిన్ ఆపు! నీ పక్కనే ఉంది, ఆపు తల్లీ!"

ఆమెకు వినిపించింది. తర్వాత ఎప్పుడూ వినిపించలేదని చెప్పుకోలేదు. నోట్లో నెత్తురు ఉప్పగా ఉంది. మడమల కింద చితికిన చేపలు కనిపించాయి. మూసుకున్న కిటికీ కనిపించింది. అడగండి ఆవిణ్నే. స్క్రూ తిరుగుతూ, ఇంకా అంటుకుని ఉన్న పాత పిండిని మెల్లగా ముందుకు నెడుతోంది. ఆమె అతని కళ్లల్లోకే చూస్తూ కూర్చుంది. కానీ, కానీ అని లోపల ఏదో అంది.

బావ కేక గది కప్పును తాకింది. అది మనిషి కేకలా లేదు. అప్పుడు ఆమె చెయ్యి లేచింది. స్విచ్చు కిందికి దిగింది. మిషను ఆగింది.

పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరూ చేతులు వదిలేశారు. తూటా స్క్రూ లోపలికి ఒక్కసారి చూసి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు. తర్వాత తలకున్న తువ్వాలు విప్పి, బావ ముంజేతికి బిగించి కట్టాడు. "కదలకు. కదిలితే ఇంకా పోతుంది" అని పసిపిల్లాడికి చెప్పినట్టు చెబుతూ, స్క్రూను చేత్తో వెనక్కి తిప్పి విడిపించింది అతనే. మిగతావాళ్లు విరిగిన గేటు మీదుగా, చచ్చిన చేపల మీదుగా పారిపోయారు. పోలీసులు వచ్చేసరికి తూటా అక్కడే కూర్చుని ఉన్నాడు. "తోసింది నేనే" అన్నాడు. ఇంకెవరి పేరూ చెప్పలేదు.

బావకు బొటనవేలు మిగిలింది. నాలుగు వేళ్లూ పోయాయి.

మర్నాడు ఉదయం ఆసుపత్రిలో అక్క ఆమె మంచం దగ్గరికి వచ్చింది. ఆమె మణికట్టుకు కట్టు, పెదవికి మూడు కుట్లు. అక్క అవేవీ చూడలేదు. చీర చెంగు మీద బావ నెత్తురు ఎండిపోయి ఉంది.

"ఆయన ఒకటంటున్నారు. మెయిన్ నీ చేతికందే దూరంలోనే ఉందట. తెలివిలేక ఏదో అంటున్నారులే అనుకున్నా. అబద్ధమని చెప్పు చెల్లీ. నువ్వు చెబితే నమ్మేస్తాను, ఇంక అడగను."

"అబద్ధం కాదక్కా."

"చెయ్యి విరిగింది కదే. లేవలేకపోయుంటావు."

"విరిగింది ఎడమది."

అక్క కొట్టింది. కుట్లున్న వైపే కొట్టింది. కుట్లలోంచి నెత్తురు ఊరింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఎంతసేపు? ఎంతసేపు చూశావే?" అని అడుగుతూనే ఉంది అక్క, నర్సు బయటికి లాక్కెళుతున్నా.

విచారణలో ఆమె అంతా చెప్పింది. ఆముదపు చెక్క సంగతి, తొందరపడి పెట్టిన సంతకం, వాచిన కళ్లను చూసీ అడగకపోవడం. స్విచ్చు సంగతి ఎవరూ అడగకముందే చెప్పింది. ఎంతసేపు ఆగారని అధికారి అడిగితే, "ఆపాలని తెలిశాక ఒక పూర్తి శ్వాస తీసుకున్నానండీ. తీసుకుని వదిలాను" అంది. అధికారి ఏం రాయాలో తెలియక కలం పట్టుకుని కూర్చున్నాడు. తూటాకు జైలు పడింది. బావ మీద కేసు నడుస్తోంది, బెయిలు మీద బయట ఉన్నాడు. బాబాయికి కుడిచెవి వినపడడం మానేసింది.

ఏడు నెలలకు అక్క మిల్లు మళ్లీ తెరిచింది. తనే వచ్చి పిలవలేదు, బాబాయితో కబురు పంపించింది. ఆమె వెళ్లింది. కొత్త తొట్లు కట్టారు. ఇప్పుడు లోపలికొచ్చే ప్రతి మూటనూ ఆమె విప్పి, జల్లించి, అద్దం కింద చూస్తే గాని బాబాయి మిషను దగ్గరికి వెళ్లనివ్వడు. అక్కా చెల్లెళ్లు ఒకే గదిలో కూర్చుంటారు. చెక్క గురించి, చేపల తూకాల గురించి మాట్లాడుకుంటారు. మిగతా వేటి గురించీ మాట్లాడుకోరు.

ఒక మధ్యాహ్నం అక్క లేని సమయంలో బావ వచ్చాడు. మోచేత్తో తలుపు తోసుకుని, ఆమె బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చాలాసేపు కొత్త తొట్ల వైపు చూశాడు.

"ఆపొచ్చు కదా మరదలా" అన్నాడు చివరికి. నిష్ఠూరంగా కాదు, తెలియక అడిగినట్టు.

"ఆపొచ్చు బావా."

"మరి?"

"నువ్వు కిటికీలోంచి నన్ను చూపించొచ్చా?"

బావ తల దించుకున్నాడు. మొండిచేతిని ఒళ్లో పెట్టుకుని రెండోచేత్తో రుద్దుకున్నాడు. "చూపించకూడదు" అన్నాడు.

బయట బాబాయి బాయిలరు వెలిగించిన చప్పుడైంది. ఆ చప్పుడుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ఒకరు ఉలిక్కిపడటం ఒకరు చూశారు. కాసేపటికి బావ లేచి, వచ్చినట్టే మోచేత్తో తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. ఆమె వల తీసుకుని తొట్ల దగ్గరికి నడిచింది. అది తూకాల రోజు.